‘ఒక సైక్లిస్టు మరణం’: ఆ చివరి షాటును మరోసారి చూడండి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. 1955 నాటి స్పానిష్ చిత్రం ‘మువెర్తె దె ఉన్ సిక్లిస్తా’, అంటే ‘ఒక సైక్లిస్టు మరణం’ చూశారు. చివర్లో కథానాయిక కారుతో సహా వంతెన మీద నుంచి పడి చనిపోవడం సెన్సారు ఒత్తిడి వల్ల వచ్చిన ముగింపు అని ఎక్కడో చదివారు. అదే నిజమైతే, గంటన్నర పాటు అంత బిగువుగా నడిచిన సినిమా ఆఖరి నిమిషంలో లొంగిపోయినట్టే కదా అన్నది మొదటి ప్రశ్న. తప్పు ఇద్దరూ కలిసి చేసినప్పుడు పశ్చాత్తాపమంతా మగవాడికి, పాపమంతా ఆడదానికి ఎందుకు కట్టబెట్టారన్నది రెండోది.

ముప్పై ఏళ్లుగా ఈ సినిమాతో నాకు పరిచయం. ఫిల్మ్ క్లబ్బులో ప్రదర్శించాను. సినిమా పాఠాలు చెప్పిన రోజుల్లో సన్నివేశం సన్నివేశం విడదీసి పిల్లలకు చూపించాను. మొదటి ప్రశ్నకు నా జవాబు, లొంగలేదని. రెండో ప్రశ్నలో మీ పక్షాన సగం న్యాయం ఉంది. రెండింటికీ జవాబు సినిమా మొదటి రెండు నిమిషాల్లోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. కథ మొత్తం చెప్పక తప్పదు, సినిమా చూడనివారు చూశాక చదవండి.

బోసిగా ఉన్న బయలు. దాని మధ్య నుంచి పోతున్న రోడ్డు. ఒక మనిషి సైకిలు తొక్కుకుంటూ మనకు వీపు చూపిస్తూ వెళ్తుంటాడు. ముందు చిన్న మిట్ట ఉంది. అది ఎక్కి అవతలికి దిగగానే కనిపించకుండా పోతాడు. మరుక్షణం అటువైపు నుంచి ఒక కారు అదుపు తప్పినట్టు ఊగుతూ వచ్చి ఆగుతుంది. గుద్దడం మనం చూడలేదు. కారు నడుపుతున్నది మరియా హొసే, పెద్ద పారిశ్రామికవేత్త భార్య. పక్కన ఆమె ప్రియుడు హువాన్, విశ్వవిద్యాలయంలో జ్యామితి చెప్పే సహాయ అధ్యాపకుడు. అతను దిగి పరుగెడతాడు. పడిపోయిన మనిషికి ఇంకా ప్రాణం ఉంది. ఆ మాట ఆమెకు చెబుతాడు కూడా. ఆమె కారు దగ్గర నుంచి అతన్ని పేరు పెట్టి పిలుస్తుంది. అంతే, అతను వెనక్కి వచ్చి కారెక్కుతాడు. రోడ్డు మళ్లీ ఖాళీ అవుతుంది.

ఒకసారి ప్రదర్శన అయ్యాక ఒక పెద్దాయన లేచి అడిగారు: ‘ఇంతకీ ఆ సైకిలు మనిషి ముఖం చూపించలేదేం?’ ఆయన చాలా ఏళ్లు సైకిలు మీద ఫ్యాక్టరీకి వెళ్లివచ్చిన మనిషి. సినిమా గురించి నేను విన్న ప్రశ్నల్లో దాన్ని మించింది లేదు. దర్శకుడు హువాన్ ఆంతోనియో బార్దెమ్ ఈ కథను నేరం ఎవరు చేశారన్న ప్రశ్నతో నడపలేదు. చేసినవాళ్లు ఎవరో మొదటి నిమిషంలోనే చెప్పేశాడు. వాళ్లు ఆ మనిషిని ఎలా చూశారో మనకూ అలాగే చూపించాడు, అంటే సరిగ్గా చూడనే చూడకుండా. రోడ్డుకు అడ్డం వచ్చిన ఒక వీపు, అంతకు మించి ఏమీ లేదు. తర్వాత సినిమా అంతా భయమే. కాని ఆ భయం ‘ఒక మనిషిని చంపాం’ అన్న భయం కాదని మీరు గమనించే ఉంటారు. ‘మనల్ని ఎవరైనా చూశారా? మన సంబంధం బయటపడుతుందా?’ అన్న భయం. ఆ సంబంధం బయటపడితే ఆమెకు ఇల్లు పోతుంది, నగలు పోతాయి, విందులకు పిలుపులు ఆగిపోతాయి. ఒక ప్రాణానికి, ఒక హోదాకు తూకం వేస్తే ఆ రోడ్డు మీద హోదా వైపే ముల్లు మొగ్గింది. ఈ చిత్రాన్ని థ్రిల్లర్ అనవచ్చా అని కొందరు సందేహిస్తారు. నాకు అందులో సందేహం లేదు. మన గుండె దడదడ కొట్టుకునేది దొంగల పక్షాన నిలబడినప్పుడే. వీళ్లు దొరికిపోతారేమో అని మనం కూడా వాళ్లతో పాటు భయపడుతున్నామని తెలిసినప్పుడు కలిగే ఇబ్బంది కోసమే బార్దెమ్ థ్రిల్లర్ పద్ధతిని ఎంచుకున్నాడు.

ఈ కథ పుట్టిన దేశం గురించి నాలుగు మాటలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. 1936 నుంచి 1939 వరకు అంతర్యుద్ధం, ఆ తర్వాత ఫ్రాంకో నియంతృత్వం. రేషన్ కార్డులు 1952 దాకా పోలేదు. 1953లో వాటికన్‌తో ఒప్పందం కుదిరింది, అదే ఏడు అమెరికాకు సైనిక స్థావరాలు ఇచ్చే ఒప్పందమూ కుదిరింది. దానితో వ్యాపారాలకు కొత్త తలుపులు తెరుచుకున్నాయి. యుద్ధంలో గెలిచిన పక్షం వారికి ఉద్యోగాలు, కాంట్రాక్టులు, పరపతి. మరియా హొసే భర్త మిగెల్ ఆ కొత్త సంపదకు ప్రతినిధి. హువాన్ కూడా గెలిచిన పక్షాన పోరాడినవాడే. యుద్ధానికి ముందు ఆమె ఇతని మనిషి. ఇతను కందకాల్లో ఉండగా ఆమె డబ్బున్నవాణ్ణి పెళ్లి చేసుకుంది. ప్రమాదం జరిగిన చోటు కూడా ఒకప్పుడు ఇతను యుద్ధం చేసిన చోటే అని తర్వాత తెలుస్తుంది. ఒక్క మాటతో బార్దెమ్ ఆ రోడ్డు కింద ఎన్ని శవాలున్నాయో గుర్తుచేశాడు. సెన్సారు కత్తెరకు అందకుండా అంతకంటే ఎక్కువ చెప్పడం ఆ రోజుల్లో సాధ్యం కాదు. స్క్రిప్టును ముందే చూపించి అనుమతి తీసుకోవాల్సిన కాలం అది.

బార్దెమ్ కమ్యూనిస్టు. ఆ పార్టీ అప్పుడు నిషేధంలో ఉంది. వ్యవసాయ ఇంజనీరింగు చదివి, మాడ్రిడ్‌లో 1947లో పెట్టిన సినిమా విద్యాసంస్థలో చేరాడు. అక్కడ లూయిస్ గార్సియా బెర్లాంగా సహాధ్యాయి, ఇద్దరూ కలిసి 1951లో మొదటి చిత్రం తీశారు. ఈనాటి ప్రేక్షకులకు బాగా తెలిసిన నటుడు హావియెర్ బార్దెమ్ ఈయనకు స్వయానా మేనల్లుడు, చెల్లెలు పిలార్ కొడుకు. ‘ఒక సైక్లిస్టు మరణం’ 1955 వసంతంలో ఫ్రాన్సులోని కాన్ చలనచిత్రోత్సవంలో అంతర్జాతీయ విమర్శకుల సంఘం బహుమతి అందుకుంది. అదే మే నెలలో సాలమాంకా విశ్వవిద్యాలయంలో స్పానిష్ సినిమా మీద ఒక సదస్సు జరిగింది. బార్దెమ్ అక్కడ తన దేశపు సినిమాకు అయిదు ముక్కల్లో తీర్పు చెప్పాడు: రాజకీయంగా నిష్ప్రయోజనం, సామాజికంగా అబద్ధం, మేధాపరంగా అధమం, కళాపరంగా శూన్యం, పరిశ్రమగా బక్కచిక్కినది. ఇంతటి కఠినమైన మాట అనాలంటే తన చేతిలో ఒక జవాబు ఉండాలి. అప్పటికి ఉంది, అదే ఈ సినిమా.

ఇప్పుడు నల్లబల్ల సన్నివేశానికి వద్దాం. మీ ప్రశ్నలో దీని ఊసు లేదు. నా దృష్టిలో సినిమాకు గుండెకాయ ఇదే.

మెట్లు మెట్లుగా బెంచీలున్న పెద్ద తరగతి గది. మతిల్దె అనే విద్యార్థిని బల్ల మీద లెక్క చేస్తోంది, అది ఆమె పరీక్ష. హువాన్ వినడం లేదు. చేతిలో వార్తాపత్రిక ఉంది, అందులో సైక్లిస్టు మరణవార్త ఉంది. ఆమె రాసుకుంటూ చెప్పుకుంటూ పోతోంది, అతని కళ్లు అక్షరాల మీద అతుక్కుపోయాయి. ఉన్నట్టుండి తలెత్తి ఆమెను కసురుకుని కూర్చోబెట్టేస్తాడు. ఆ అమ్మాయి పరీక్ష తప్పుతుంది. తరగతి మొత్తం చూస్తూ ఉండిపోతుంది.

నేను చూసిన మొదటిసారి ఇది కథకు పక్కదారి అనుకున్నాను. హువాన్ ఎంత కలవరంలో ఉన్నాడో చూపడానికి పెట్టిన చిన్న సంఘటన అనిపించింది. మూడోసారో నాలుగోసారో చూసినప్పుడు గాని తట్టలేదు: రోడ్డు మీద చేసిందే అతను తరగతిలోనూ చేశాడు. తన తొందరలో, తన భయంలో, తన కంటే కింద ఉన్న మనిషిని చూడకుండా దాటుకుని వెళ్లిపోయాడు. అక్కడ ప్రాణం పోయింది, ఇక్కడ ఒక ఏడాది చదువు పోయింది. పరిమాణంలో పోలిక లేదు, స్వభావం మాత్రం ఒకటే. అసలు ఆ కుర్చీ అతనికి ఎలా వచ్చింది? పలుకుబడి ఉన్న బావగారి సిఫారసుతో. తన ప్రతిభతో సంపాదించుకోని కుర్చీలో కూర్చుని, ప్రతిభ ఉన్న అమ్మాయిని తప్పించాడు. అందుకే అతనిలో అపరాధ భావన సైక్లిస్టు దగ్గర ఆగదు. ఒక దారం లాగితే బట్టంతా ఊడివచ్చినట్టు, ఉద్యోగం, కుటుంబం, యుద్ధం, ప్రేమ అన్నీ దాని వెంట వచ్చేస్తాయి. ఏదీ తను నిజాయితీగా సంపాదించుకున్నది కాదని తెలిసిపోతుంది.

సైక్లిస్టు ఇంటిని వెతుక్కుంటూ అతను పేదల వాడకు వెళ్లే సన్నివేశం చూడండి. అప్పటిదాకా బొమ్మంతా దగ్గరి షాట్లు: ముఖాలు, మెరిసే నగలు, సిగరెట్లు, అద్దాలు. ఇక్కడికి వచ్చేసరికి కెమెరా వెనక్కి జరుగుతుంది. మెట్లు, వసారాలు, చుట్టూ జనం, వాళ్ల మధ్య ఖరీదైన కోటుతో నిలబడిన హువాన్. ఛాయాగ్రాహకుడు అల్ఫ్రెదో ఫ్రాయిలె పనితనానికి ఇది మంచి ఉదాహరణ. ధనికుల ఇళ్లలో మనకు ముఖాలు తప్ప చుట్టూ ఉన్న ప్రపంచం కనిపించదు, పేదవాడలో మనిషి తన పరిసరాలతో కలిసి కనిపిస్తాడు. అప్పటి ఇటాలియన్ సినిమా ప్రభావం స్పష్టంగా ఉంది. 1951లో మాడ్రిడ్‌లో ఇటాలియన్ సినిమా వారోత్సవం జరిగాక స్పెయిన్ యువ దర్శకులంతా ఆ మత్తులోనే ఉన్నారు. బార్దెమ్ మాత్రం దాన్ని అనుకరించి ఊరుకోలేదు. ఒకే సినిమాలో రెండు రకాల బొమ్మలను పక్కపక్కన పెట్టి, ఒకే నగరంలో రెండు లోకాలున్నాయని మాటల్లో చెప్పకుండా కళ్లకు కట్టాడు.

కూర్పు, అంటే ఎడిటింగ్ గురించి చెప్పమంటే రాత్రంతా చెబుతాను. రెండు ఉదాహరణలతో సరిపెడతాను.

హువాన్ తన గదిలో పడుకుని సిగరెట్టు పొగ వదులుతాడు. కట్టు, అంటే షాటు మారుతుంది. మరియా హొసే తన పడకగదిలో ముఖం మీదికి వచ్చిన పొగను చేత్తో తోలుకుంటుంది. ఒక క్షణం పాటు ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారనుకుంటాం. తర్వాత తెలుస్తుంది, ఆ పొగ పక్కనున్న భర్తది. ప్రియుడు వదిలిన పొగ భర్త నోటి నుంచి వచ్చినట్టయింది. ఆమె ఇద్దరి మధ్య ఎలా నలుగుతోందో చెప్పడానికి ఒక్క సంభాషణ కూడా అవసరం పడలేదు. ఊపిరాడనివ్వని ఇల్లు అంటే ఏమిటో ఆ చేతి విసురులో ఉంది.

రెండోది ఫ్లమెంకో అనే స్పానిష్ పాట, నాట్యం సాగే రాత్రి. అమెరికన్ అతిథుల కోసం ఏర్పాటు చేసిన విందు. దీనికి ముందు రఫా గురించి చెప్పాలి. కార్లోస్ కసరవిల్యా నటించిన ఆ పాత్రను చాలామంది కేవలం ప్రతినాయకుడిగా చూస్తారు. అతను కళా విమర్శకుడు, పెద్దవాళ్ల విందుల్లో పియానో వాయిస్తూ, జోకులు వేస్తూ, వాళ్ల మద్యం తాగుతూ బతికే మనిషి. ఒక విందులో పియానో మీద వేళ్లు ఆడిస్తూనే మరియా హొసేకు తనకు ఏదో తెలుసని సూచిస్తాడు. అతనికి నిజంగా తెలిసింది ఆ అక్రమ సంబంధం గురించే. ప్రమాదం సంగతి తెలియదు. ఈ తేడా మనకు, ఆ జంటకు చాలాసేపు తెలియదు, ఉత్కంఠంతా అందులోనే ఉంది. నాకు మాత్రం రఫాను చూస్తే కోపంతో పాటు జాలి కూడా కలుగుతుంది. ఆ లోకంలో చోటు లేకపోయినా ఆ గుమ్మం వదల్లేని మనిషి అతను. అవమానం తాగి తాగి విషం కక్కుతున్నాడు.

ఫ్లమెంకో విందులో రఫా వెళ్లి మిగెల్ పక్కన కూర్చుని చెవిలో ఏదో చెబుతాడు. పాదాల చప్పుడు, చప్పట్లు, గిటారు, పాట, ఇవన్నీ హోరెత్తిపోతున్నాయి. రఫా పెదాలు కదలడం కనిపిస్తుంది, మాట వినిపించదు. గదికి అవతలి పక్కన మరియా హొసే, ఇంకోచోట హువాన్, ఇద్దరి కళ్లూ ఆ పెదాల మీదే. కట్టు మీద కట్టు, ముఖం మీద ముఖం, నాట్యం వేగం పెరిగేకొద్దీ కట్లూ వేగం పుంజుకుంటాయి. సోవియట్ మూకీ దర్శకుల కూర్పును బార్దెమ్ ఎంత బాగా వంటపట్టించుకున్నాడో ఇక్కడ తెలుస్తుంది. ఇందులో ఇంకో పొర ఉంది. ఫ్రాంకో ప్రభుత్వం విదేశీయుల ముందు దేశాన్ని అమ్ముకోవడానికి వాడిన సరుకు ఈ ఫ్లమెంకో, ఎద్దుల పోరు, ఎండ. ఆ సరుకునే బార్దెమ్ నేరం దాచే తెరగా వాడాడు. అతిథులకు వినోదం కనిపిస్తోంది. దాని వెనుక ఏమి నలుగుతోందో మనకు మాత్రమే తెలుసు.

ఆ తర్వాత పరాభవం పొందిన రఫా తాగిన మైకంలో సీసా విసిరి కిటికీ పగలగొడతాడు. అద్దం పగిలిన చప్పుడులోనే కట్టు పడుతుంది: విద్యార్థులు రాయి విసిరితే విశ్వవిద్యాలయం కిటికీ అద్దం పగులుతుంది. మతిల్దెకు జరిగిన అన్యాయం మీద విద్యార్థులు తిరగబడ్డారు. రెండు అద్దాలు, రెండు కోపాలు. మొదటిది తనకు చోటు దక్కలేదన్న కోపం, రెండోది ఇంకొకరికి అన్యాయం జరిగిందన్న కోపం. కిటికీలోంచి ఆ గొడవ చూసిన హువాన్‌కు భయం వేయదు. మొదటిసారి ఆ ముఖంలో వెలుతురు కనిపిస్తుంది. తమకు లాభం లేకపోయినా ఒక తోటి మనిషి కోసం ఇంతమంది వచ్చారు. రోడ్డు మీద తను చేయలేకపోయింది ఇదే.

1955లో నియంత పాలనలో విద్యార్థుల తిరుగుబాటును సానుభూతితో తెర మీద చూపడం ఎంత సాహసమో ఒక్కసారి ఊహించండి. సరిగ్గా 1956 ఫిబ్రవరిలో మాడ్రిడ్ విద్యార్థులు నిజంగానే వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది, విద్యామంత్రి పదవి పోయింది. ఆ సమయంలో బార్దెమ్ పాలెన్సియా పట్టణంలో తన తర్వాతి చిత్రం ‘కాయె మయోర్’ తీస్తున్నాడు. పోలీసులు అక్కడికే వెళ్లి అరెస్టు చేశారు. విదేశాల నుంచి నిరసనలు వచ్చాక విడిచిపెట్టారు, వచ్చి షూటింగ్ పూర్తి చేశాడు.

ఇక మీ రెండో ప్రశ్న. హువాన్ విద్యార్థుల వల్ల మారిపోతాడు, ఉద్యోగం వదిలేస్తాడు, పోలీసులకు లొంగిపోదామని మరియా హొసేతో అంటాడు. ఆమె ఒప్పుకోదు. అదే రోడ్డు మీద, అదే చోట అతను కారు దిగి నిలబడినప్పుడు, అతన్నే కారుతో గుద్ది చంపేస్తుంది. పశ్చాత్తాపం ఒకరిది, హత్య ఒకరిది. అన్యాయం కాదా అన్నారు.

అన్యాయమే అనిపిస్తుంది నాకూ. ఒప్పుకుంటే హువాన్ పోగొట్టుకునేది ఏమిటి? ఎలాగూ అసహ్యించుకుంటున్న ఒక ఉద్యోగం. ఆ కాలపు స్పెయిన్‌లో పెళ్లయిన ఆడది వివాహేతర సంబంధాన్ని బయటపెట్టుకుంటే ఏమవుతుంది? విడాకులు లేవు. చట్టం వ్యభిచారం విషయంలో భార్యను ఒక రకంగా, భర్తను ఇంకో రకంగా చూసేది. భర్త దయ తప్ప ఆమెకు తనదంటూ ఏమీ లేదు. హువాన్ తన ఆత్మశుద్ధి కోసం ఆమె బతుకును కూడా పణంగా పెడుతున్నాడు. ఆ సంగతి అతనికి తోచినట్టే లేదు. బార్దెమ్‌కు కూడా పూర్తిగా తోచినట్టు లేదు. వర్గాన్ని అంత నిశితంగా చూసిన దర్శకుడు ఆడ మగ తేడా దగ్గర కన్ను కొంచెం మూశాడని నా అభిప్రాయం. సినిమాతో నాకున్న పేచీ ఇదొక్కటే. చిన్న పేచీ మాత్రం కాదు.

అయితే మీరు అన్నట్టు ‘పాపమంతా’ ఆమెదేనని సినిమా చెప్పిందనను. మొదటి సన్నివేశం మరోసారి గుర్తుచేసుకోండి. బతికి ఉన్నాడని చూసింది హువాన్. ఆమె కారు దగ్గరే ఉండిపోయింది. ప్రాణం ఉన్న మనిషి ముఖం చూసి కూడా వెనక్కి నడిచి వచ్చినవాడు అతనే. అందుకే అతని నిద్ర చెడింది. లూచియా బొసే నటనను కూడా జాగ్రత్తగా చూడండి. 1947లో మిస్ ఇటలీ అయిన ఆమెను అందం కోసం పెట్టుకున్నారని కొందరు తేలిగ్గా కొట్టేస్తారు. ఆమె మాటలు స్పానిష్‌లో వేరే గొంతుతో డబ్బింగు చేసినవి కాబట్టి పెదాలకు మాటలకు కొన్నిచోట్ల పొత్తు కుదరదు, నిజమే. కాని మిగెల్ అన్నీ తెలిసి కూడా ఏమీ ఎరగనట్టు మర్యాదగా మాట్లాడుతున్నప్పుడు ఆమె కళ్లు చూడండి. క్షమించినవాడి కంటే కొనుక్కున్నవాడి ధీమా అతనిది, అది ఆమెకు తెలుసు. హువాన్‌గా చేసిన అల్బెర్తో క్లోసాస్ సంగతి మరో విశేషం. ఆయన తండ్రి కాటలోనియా ప్రాంతీయ ప్రభుత్వంలో మంత్రిగా ఉన్నవారు, అంటే ఓడిన పక్షం. ప్రవాసంలో దక్షిణ అమెరికాలో నటుడిగా పేరు తెచ్చుకుని తిరిగివచ్చిన ఆ మనిషే గెలిచిన పక్షపు సైనికుడి అలసటను ముఖంలో మోశాడు.

ఇప్పుడు ముగింపు. వ్యభిచారం చేసి, హత్య కూడా చేసిన స్త్రీ శిక్ష పడకుండా తెర మీద నుంచి వెళ్లిపోవడానికి వీల్లేదన్నది సెన్సారు పట్టుదల. మీరు చదివింది నిజమే. కాబట్టి హువాన్‌ను చంపి, భర్త దగ్గరికి వేగంగా వెళ్తున్న మరియా హొసే చనిపోవాలి. ఎలా చనిపోవాలన్నది మాత్రం బార్దెమ్ చేతిలో ఉంది. కారు చెట్టుకు గుద్దుకోవచ్చు, పోలీసులు వెంటాడవచ్చు. అతను అవేవీ తీసుకోలేదు. చీకట్లో, వంతెన మీద, ఎదురుగా ఒక సైకిలును తెచ్చిపెట్టాడు.

ఆమె ఆ సైకిలును తప్పించబోయి పడిపోతుంది. ఇది చాలామంది గమనించరు. మొదటిసారి గుద్దింది, రెండోసారి కావాలని హువాన్‌ను గుద్ది చంపింది, మూడోసారి తప్పించింది. ఆలోచించి చేసిన పని కాదు, చేతులు వాటంతటవే స్టీరింగు తిప్పాయి. అయినా తప్పించింది. ఆమెలో ఏదో మిగిలి ఉందని చెప్పడానికి ఆ తిప్పు ఒక్కటే సాక్ష్యం, ఆ తిప్పే ఆమె ప్రాణం తీసింది. సెన్సారుకు అది దైవశిక్షలా కనిపించి ఉంటుంది. నాకు అలా కనిపించదు.

కారు పడ్డాక లూచియా బొసే ముఖం తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తుంది. సినిమా అక్కడ ఆగిపోయి ఉంటే మీరన్నదే నిజమయ్యేది, పాపికి శిక్ష పడింది, శుభం కార్డు. కాని ఇంకా కొన్ని క్షణాలు ఉంది. సైకిలు మనిషి ఆగాడు. కిందికి తొంగిచూశాడు. మొదటి సైక్లిస్టు మనకు వీపు మాత్రమే చూపించి మాయమయ్యాడు. ఇతని ముఖం చూస్తాం. నటుడు మాన్యుయెల్ అలెక్సాండ్రె, అప్పటికి అంతగా పేరు లేని మనిషి, తర్వాత దశాబ్దాల పాటు స్పానిష్ ప్రేక్షకులకు ఆత్మీయుడయ్యాడు. ఆ ముఖంలో భయం ఉంది. చుట్టూ ఎవరూ లేరు. తనను చూసినవారూ లేరు. వెళ్లిపోతే అడిగేవారు లేరు, ఉండిపోతే నూరు ప్రశ్నలు, పోలీసులు, పైగా పడిపోయింది పెద్దవాళ్ల కారు. సినిమా మొదట్లో హువాన్, మరియా హొసే నిలబడిన స్థానంలోనే ఇప్పుడు ఇతను నిలబడ్డాడు. ఒక క్షణం తటపటాయిస్తాడు. ఆ క్షణం ఎంత పొడవుగా అనిపిస్తుందో చెప్పలేను. నేను పాఠం చెప్పేటప్పుడు అక్కడ బొమ్మను ఆపి, ‘ఇప్పుడు ఇతను ఏం చేస్తాడు?’ అని అడిగేవాణ్ణి. సగం మంది పారిపోతాడనే చెప్పేవారు.

అతను సైకిలెక్కుతాడు. దూరంగా ఒక ఇంట్లో దీపం వెలుగుతోంది. అటువైపు తొక్కుకుంటూ వెళ్తాడు.

సెన్సారు అడిగింది ఒక చావు. ఆ చావును ఇచ్చి, దాని పక్కనే బార్దెమ్ తను చెప్పదలచుకున్నది పెట్టేశాడు. మొదట రోడ్డు మీద చనిపోయిన మనిషికి కొద్దిసేపట్లో సహాయం అంది ఉంటే బతికేవాడేమో. ఆ సహాయం కారులో ఉన్నవాళ్ల నుంచి రాలేదు, ఇప్పుడు సైకిలు మీద ఉన్నవాడి నుంచి వస్తోంది. హువాన్‌కు పాఠం చెప్పినవారు విద్యార్థులు, ఆ పాఠం అక్కర్లేకుండానే ఆ పని చేసినవాడు ఇతను. ఏ ఉపన్యాసమూ లేదు, సంగీతం తోడు తెచ్చుకుని కన్నీళ్లు పెట్టించే ప్రయత్నమూ లేదు. ఇది సెన్సారు రాసిన ముగింపు అని నేను ఒప్పుకోలేను. కత్తెర పట్టుకున్నవాడు ఆమె శవాన్ని చూసి తృప్తిపడ్డాడు, సైకిలు వెళ్లిన దిక్కు చూడలేదు.

మరోసారి చూడాలనుకుంటే ఒక సలహా. స్పానిష్ డబ్బింగుతోనే చూడండి, ఆ రోజుల్లో ప్రేక్షకులు విన్నది అదే. అమెరికాలో ఒకప్పుడు దీన్ని దాంపత్య ద్రోహం కథలా కనిపించే వేరే పేరుతో విడుదల చేశారు, ఆ పేరుతో ఉన్న పాత ప్రతి దొరికితే దాని జోలికి పోకండి, శుభ్రం చేసిన కొత్త ప్రతులు ఉన్నాయి. చివరి షాటు అయిపోగానే ఆపేయకుండా మళ్లీ మొదటికి వెళ్లి, ఆ బోసి రోడ్డు మీద మిట్ట ఎక్కుతున్న మనిషిని చూడండి. ఈసారి ఆయన వీపు చూసినప్పుడు మీకు ఏమనిపించిందో నాకు తప్పకుండా రాయండి.